అత్తయ్య జబ్బులు

ఆ వానాకాలం మొదట్లోనే మా ఆయన ఆఫీసువాళ్ళు తల్లిదండ్రుల్ని తీసేశారు.

భోజనాల బల్ల దగ్గర ఆయన సరిగ్గా ఆ మాటే అన్నారు. "ఈ ఏడు నుంచి మా ఆఫీసు హెల్త్ ఇన్సూరెన్సులోంచి తల్లిదండ్రుల్ని తీసేశారు."

మామయ్య చేతిలో ముద్ద గాల్లోనే ఆగిపోయింది. "తీసెయ్యడమేమిట్రా? మేమేమన్నా విరిగిన కుర్చీలమా?"

"కుర్చీలైతే ఉంచేవాళ్ళు నాన్నా. వాటికి ఆస్పత్రి ఖర్చుండదు."

అత్తయ్య నవ్వలేదు. "అయితే ఇప్పుడు మీ నాన్నకేమన్నా అయితే ఎలారా?" అంది.

"నాకేమవుతుందే?" అన్నారు మామయ్య. "ఆ భయమేదో నీ గురించి పెట్టుకో. ఈ ఇంట్లో రోగిష్టిదానివి నువ్వు."

ఆ మాటకి ఎవరం అడ్డు చెప్పలేదు. మా ఇంట్లో జబ్బుల శాఖ రెండేళ్ళుగా అత్తయ్యదే. మెట్లెక్కితే ఆయాసం, సాయంత్రానికి పాదాల వాపు, కూర్చుని లేస్తే కళ్ళు తిరగడం. వీధి చివర క్లినిక్కులో ఉండే డాక్టరుకి ఆవిడ ఇవన్నీ వర్ణించి చెబుతుంటే బయట బెంచీ మీదున్నవాళ్ళు తమ పాదాలు చూసుకునేవాళ్ళు. ఆ డాక్టరు, పేషెంటు కుర్చీలో కూర్చునేలోపే మందులు రాసేసే మనిషి. మేము ఆయన్ని గబగబ డాక్టరనేవాళ్ళం. ఆయనా గబగబా రాసేవాడు, ఆవిడా గబగబా కొనుక్కొచ్చేది.

చిత్రమేమిటంటే, ఇంటికొచ్చాక అదే మనిషి స్టూలెక్కి కర్టెన్లు దులిపేది. బకెట్టుతో నీళ్ళు మోసి బాల్కనీ కడిగేది. చెప్పుకుంటే తగ్గిపోయే రకం జబ్బులేమో అనుకునేదాన్ని నేను. నలుగురిలో చెప్పుకోడానికి మనిషికో విషయం కావాలి. కొందరికి పిల్లల ఉద్యోగాలు, కొందరికి జబ్బులు.

మామయ్యది దీనికి పూర్తిగా ఎదురు దారి. ఆయన లిఫ్టు మెకానిక్కు. రిటైరయ్యేదాకా ఊళ్ళో సగం మందిని పైకి ఎక్కించీ కిందికి దించీ, తను మాత్రం లిఫ్టెక్కని మనిషి. "లోపలేముంటుందో తెలిసినవాడెవడూ లిఫ్టెక్కడు, హోటలు వంటగదిలో పనిచేసినవాడు హోటల్లో తింటాడా?" అనేవారు. మాది నాలుగో అంతస్తు. ఆయన రోజూ మెట్ల మీదే. రెండో అంతస్తుకి రాగానే ఆగి, లిఫ్టు తలుపుకి చెవి ఆనించి కళ్ళు మూసుకుని చాలాసేపు వినేవారు. "తాడు ఏదో అంటోంది," అని చెప్పి మళ్ళీ ఎక్కేవారు. ఆ అంతస్తువాళ్ళు ఆయనకోసం అక్కడో కుర్చీ కూడా వేశారు. వృత్తి మీద ప్రేమంటే అలా ఉండాలని మెచ్చుకునేవాళ్ళు.

పుట్టాక ఒక్క మాత్ర మింగలేదని ఆయన గొప్ప. ఆయనకున్న ఒకే ఒక్క బాధ నా టీ.

"అమ్మాయ్, నీ టీ చేదుగా ఉంటోందేం?" అని పొద్దున్నే బాల్కనీలోంచి అరిచేవారు. "పైగా తాగినప్పట్నుంచీ బాత్రూముకీ బాల్కనీకీ మధ్య నడకే సరిపోతోంది నాకు."

టీ పొడి మార్చాను, పాలు మార్చాను, గిన్నె కూడా మార్చాను. అదే టీ నేనూ తాగేదాన్ని, మా ఆయనా తాగేవారు. మాకు చేదు తగిలేది కాదు. పెట్టేది నేనైనా ఆయన కప్పు తీసుకెళ్ళేది మాత్రం అత్తయ్యే. "నువ్వు పనికెళ్ళాలి కదా, నేనిస్తాలే," అనేది. ఎంత మంచిదో అనుకునేదాన్ని.

*

ప్లాను ఎంచే పని నా మీద పడింది. "చిన్న అక్షరాలతో నీకే కదా అలవాటు," అన్నారు మా ఆయన. నేను కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తాను. గోడకి వేలాడే అక్షరాల చార్టులో అన్నిటికన్నా కింది వరస చదివినవాళ్ళని మేము మెచ్చుకుంటాం. ఇన్సూరెన్సు పుస్తకంలో షరతులు ఆ వరసకన్నా చిన్నవి. ఒక మధ్యాహ్నం బేరాల్లేనప్పుడు దుకాణంలో భూతద్దం పెట్టుకుని చదివాను. భూతద్దంలో అక్షరాలు పెద్దవయ్యాయి గానీ అర్థం అక్కడే ఉంది.

చివరికి ఏజెంటునే ఇంటికి పిలిచాం. వానలో తడిసి, గొడుగు గుమ్మం బయట ఆరబెట్టి, సోఫా అంచున కూర్చున్నాడు. మర్యాదస్తుడు. జబ్బు, చావు, ఆపరేషను లాంటి మాటలు పెద్దవాళ్ళ ముందు ఆయన నోట రావు. అన్నిటికీ ఒకటే మాట.

"రేపు ఏదన్నా అనుకోనిది జరిగితే మా కంపెనీ చూసుకుంటుందండీ."

"అనుకోనిదంటే?" అన్నారు మామయ్య.

"అంటే... అనుకోనిదండీ."

"లాటరీ తగిలినా చూసుకుంటారా?"

అప్పట్నుంచి మా ఇంట్లో ఆయన పేరు అనుకోనిదాయన.

బల్ల మీద రంగు కాగితాలు పరిచాడు. ఒకటి నిశ్చింత, ఇంకోటి నిశ్చింత ప్లస్. రెండిటి మీదా తెల్లజుట్టు దంపతులు పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ సముద్రపొడ్డున పరిగెడుతున్నారు.

"వీళ్ళకెందుకయ్యా ఇన్సూరెన్సు?" అంది అత్తయ్య. "బానే పరిగెడుతున్నారుగా."

"నిశ్చింతకి ప్లస్సేమిటి?" అన్నారు మామయ్య. "చింత లేకుండా పోయాక ఇంకా ఏం తీసేస్తారు?"

అనుకోనిదాయన ఓపిగ్గా వివరించాడు. మామయ్య ప్రతిదాన్నీ లిఫ్టు మెయింటెనెన్సు కాంట్రాక్టులోకి మార్చుకుని వింటున్నారు. ముందునుంచీ ఉన్న జబ్బులకి మొదటి రెండేళ్ళు ఏమీ రాదంటే, "ఓహో, లిఫ్టు పాడైంది, రెండేళ్ళు మెట్లెక్కండంటారు," అన్నారు. బిల్లులో కొంత భాగం మనమే పెట్టుకోవాలంటే, "మెకానిక్కు ఒకవైపు పట్టుకుంటాడు, రెండోవైపు మనం పట్టుకోవాలి," అన్నారు. ఒకచోట మాత్రం ఆయన కాంట్రాక్టు జ్ఞానం కూడా చాల్లేదు. మనకి రాసిన దానికన్నా పెద్ద గదిలో చేరితే గది అద్దె ఒక్కటే కాదు, మొత్తం బిల్లులోనే కోత పడుతుందట.

"గది పెద్దదైతే గుండెకయ్యే ఖర్చెందుకు కోస్తారయ్యా?"

అనుకోనిదాయన గొడుగు వైపు చూశాడు. "అది నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదండీ."

"సరే, మా ఆవిడకి ఏది మంచిదో అది రాసెయ్యి. నాకక్కర్లేదు. కొత్త లిఫ్టుకి కాంట్రాక్టు దండగ."

"నెలాఖరుకి అయ్యగారికి డెబ్బై నిండుతాయి కదండీ. ఆ తర్వాత తీసుకోవాలంటే చాలా కష్టం."

ఇంతసేపూ పాదాలు ఒత్తుకుంటూ కూర్చున్న అత్తయ్య ఒక్కసారిగా ముందుకు జరిగింది. "నాకేదైనా పర్లేదు. చిన్నది రాయండి. ఆయనకి పెద్దది రాయండి. ప్లస్సు రాయండి."

"నీకేం మతి పోయిందా?" అన్నారు మామయ్య. "జబ్బులు నీకు, ప్లస్సు నాకా?"

"ఆయనకి లేకపోతే నాకూ వద్దు."

"నాకొద్దు."

"అయితే నాకూ వద్దు."

అనుకోనిదాయన ఇద్దరి వైపూ మార్చి మార్చి చూసి కాగితాలు దగ్గరికి తీసుకున్నాడు. నాకు మాత్రం గొంతు తగ్గించి ఒకమాట చెప్పాడు, అంత తగ్గించినా అందరికీ వినబడింది. "ఒక్కటేనండీ. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. దాచారనుకోండి, ఇప్పుడు పాలసీ ఇచ్చేస్తారు. తీరా అనుకోనిది జరిగినప్పుడు చేతులెత్తేస్తారు."

"అది న్యాయమే," అన్నారు మామయ్య. "తాడు తెగేలా ఉందని దాచిపెట్టి కాంట్రాక్టు రాయించుకునే ఓనర్లని చూశాను. అలాంటి వెధవల లిఫ్టు నేను ముట్టుకునేవాణ్ణి కాదు."

అత్తయ్య పాదాలు ఒత్తుకోవడం ఆపేసింది.

*

మర్నాటి నుంచి ఆవిడ మామయ్యతో మాట్లాడటం మానేసింది. ఒకే గదిలో ఉండి, నా ద్వారా నడిపించేది.

"అమ్మాయ్, మీ మామయ్యగారి కళ్ళజోడు ఆయన నెత్తి మీదే ఉందని చెప్పు."

"అమ్మాయ్, నాకు తెలుసని చెప్పు," అనేవారు ఆయన, అప్పుడే తడిమి చూసుకుంటూ.

నేను దుకాణంలో ఉన్నప్పుడు ఎలా గడిచేదో తెలీదు. ఒకరోజు వచ్చేసరికి ఇద్దరూ కిటికీలో కూర్చున్న పావురంతో మాట్లాడుతున్నారు. వాన కదా, ఆ పావురానికీ వెళ్ళడానికి చోటు లేదు.

వంటింట్లో మాత్రం అత్తయ్య వేరే మనిషి. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నేనేం అడక్కుండానే మొదలుపెట్టింది.

"అమ్మాయ్, పార్కులో నాకో స్నేహితురాలుంది."

"ఎవరత్తయ్యా?"

"నీకు తెలీదులే. ఆవిడ వాళ్ళాయన గురించి ఇన్సూరెన్సువాళ్ళకి ఏదో చెప్పలేదట. చిన్నదే. దానికి కూడా చేతులెత్తేస్తారా?"

"చిన్నదంటే?"

"ఆ... పెద్దదేం కాదు. ఊపిరి విషయం."

"ఊపిరి చిన్న విషయమా అత్తయ్యా?"

ఆవిడ కడిగిన గిన్నే మళ్ళీ కడిగింది. ఆ రాత్రి సరిగ్గా అన్నం తినలేదు. జబ్బుల వల్లనుకున్నాం. మామయ్య కూడా అలాగే అనుకున్నారు. పళ్ళెం ముందు కూర్చుని వేళ్ళతో గీతలు గీస్తున్న ఆవిణ్ణి కాసేపు చూసి, ఎవరితోనూ అననట్టు అన్నారు.

"సరే. ఆ రోగిష్టి మనిషికి కాంట్రాక్టు కావాలంటే ఈ గట్టి మనిషి కూడా సంతకం పెట్టాలంటే, పెడతాను. దాని ఆరోగ్యం కోసం పెడుతున్నానని చెప్పు అమ్మాయ్."

"థాంక్సని చెప్పు అమ్మాయ్," అంది అత్తయ్య. అన్నం అప్పుడూ తినలేదు.

*

ఆ వయసుకి పాలసీ ఇచ్చేముందు వైద్య పరీక్షలుంటాయి. కంపెనీ చెప్పిన పరీక్షల సెంటరు మూడో అంతస్తులో ఉంది. అత్తయ్య, నేను, అనుకోనిదాయన లిఫ్టులో వెళ్ళాం. మామయ్య మెట్ల వైపు తిరిగారు.

మా పేర్లు రాయడం అయింది, అత్తయ్య రక్తం ఇవ్వడం అయింది. మామయ్య రాలేదు. నేను లేచి మెట్ల దాకా వెళ్ళేసరికి రెండో మలుపులో రెయిలింగు పట్టుకుని నిలబడి ఉన్నారు.

"మామయ్యా?"

"ఇక్కడి లిఫ్టు చప్పుడు వింటున్నా," అన్నారు. అక్కడ లిఫ్టు కనబడటం లేదు. అది భవనానికి రెండోవైపుంది. అంత వాన చల్లదనంలో చెమట పట్టిన మనిషిని నేను చూడటం అదే మొదలు.

ఆయన్ని బయట కుర్చీలో కూర్చోబెట్టాను. ఇంతలో లోపల్నించి అత్తయ్యని పిలిచారు. తోడుగా నేనూ వెళ్ళాను. అనుకోనిదాయన కాగితాలతో తలుపు దగ్గర నిలబడ్డాడు.

డాక్టరమ్మ చిన్నమ్మాయి. గబగబ డాక్టరుకి పూర్తిగా వేరు. కంగారు లేదు. చెప్పండమ్మా, అని పెన్ను పక్కన పెట్టి మరీ అడిగింది. అత్తయ్య చెప్పడం మొదలుపెట్టింది. మెట్లెక్కితే ఆయాసం, రెండు అంతస్తులెక్కితే ఆగాల్సిందే. సాయంత్రానికి మేజోళ్ళ దగ్గర గాడి పడేంత వాపు. రాత్రి రెండు దిండ్లు లేకపోతే పడుకోలేకపోవడం.

మేజోళ్ళు అనగానే నేను ఆవిడ కాళ్ళ వైపు చూశాను. అత్తయ్య జన్మలో మేజోళ్ళు వేసుకోలేదు.

డాక్టరమ్మ చేతికి పట్టీ చుట్టి చూసింది. మళ్ళీ చూసింది. గుండె వింది, వీపు వింది. వంగి రెండు మడమల మీదా బొటనవేలితో నొక్కింది. బకెట్లు మోసిన పాదాలు, రాళ్ళలా ఉన్నాయి.

"బీపీ బావుంది. గుండె బావుంది," అంది. "మీరు చెప్పిన వాపు ఏదమ్మా? ఎక్కడుంది?"

అత్తయ్య నా వైపు చూసింది. అనుకోనిదాయన వైపు చూసింది. తర్వాత తలుపు వైపు చూసి, చాలా చిన్న గొంతుతో అంది.

"బయట కుర్చీలో కూర్చుంది."

నాకు వరసగా అన్నీ కనబడ్డాయి. రెండో అంతస్తులో కుర్చీ. బాల్కనీకి వెళ్ళే కప్పు. నేను మార్చిన టీ పొడి.

"అత్తయ్యా," అన్నాను, "టీలోనా?"

"చెంచా వెనకవైపుతో నలిపేదాన్ని," అంది. "ఏం చెయ్యమంటావు? కళ్ళు తిరిగి గోడ పట్టుకున్నారొకసారి. డాక్టరు దగ్గరికి పదండంటే, నాకేమైందని చెప్పి మెట్లు దిగి మళ్ళీ ఎక్కి చూపించారు. ఆ ఎక్కడం చూసి నాకు ప్రాణం పోయింది. ఆయన రారు. అందుకని ఆయన బదులు నేను వెళ్ళాను."

"మరి ఆ డాక్టరు మీకు బీపీ చూడలేదా?" అంది డాక్టరమ్మ.

"చూశాడమ్మా. అబద్ధం చెబుతున్నానన్న దడకి, పట్టీ కట్టగానే పైకి పోయేది. ఆయనకీ అనుమానం రాలేదు. ఇవాళ ఎలాగైనా చెప్పెయ్యాలనే వచ్చాను, అందుకేమో ఆ దడ లేదు."

డాక్టరమ్మకి నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. చివరికి కోప్పడింది. ఒకరి మందు ఒకరికిస్తే ఎంత ప్రమాదమో చెప్పింది, బీపీ కొలవకుండా ఇస్తే మనిషి నిద్రలోనే పోవచ్చంది. అత్తయ్య తల ఊపుతూ వింది. కళ్ళ నీళ్ళు వాటంతటవే కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"ఆయన్ని పిలవండి," అంది డాక్టరమ్మ.

మామయ్య ఛాతీ విరుచుకుని వచ్చారు. "నన్ను చూడ్డం దండగమ్మా. పుట్టాక మాత్ర మింగలేదు."

"రెండేళ్ళ నుంచి రోజూ మింగుతున్నారండీ," అంది డాక్టరమ్మ. "మేజోళ్ళు తియ్యండి."

అర్థమవడానికి ఆయనకి కొంచెం సేపు పట్టింది. మేజోళ్ళు తీస్తే గాడి అత్తయ్య చెప్పిన చోటే ఉంది. ఆయన ఆ గాడి వైపు, అత్తయ్య వైపు చూశారు. వారం తర్వాత మొదటిసారి నేరుగా మాట్లాడారు.

"నాకు చెప్పకుండా నాకు మెయింటెనెన్సు చేశావా?"

"లిఫ్టెక్కేవాళ్ళకి చెప్పి పెడతారా మీరు గ్రీజు?" అంది అత్తయ్య.

*

పరీక్షలన్నీ అయ్యాక వరండాలో నిలబడ్డాం. ఆయన గుండెకి ఇంకా మంచి మందులున్నాయనీ, వెంటనే మొదలుపెట్టాలనీ డాక్టరమ్మ చెప్పి వెళ్ళింది. తను ఇవాళ్టి పరీక్షలే రాస్తాననీ, పాతవి ఏమేం జబ్బులున్నాయో కంపెనీ కాగితంలో మీరే రాసివ్వాలనీ కూడా చెప్పింది.

అనుకోనిదాయన గొంతు సవరించుకున్నాడు. గొడుగు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "అంటే... చూడబోతే ఇవాళ అయ్యగారి బీపీ కూడా సరిగ్గానే ఉంది. పాత మందులన్నీ అమ్మగారి పేరు మీద ఉన్నాయి. అయ్యగారి పేరు మీద ఏమీ లేదు." కాస్త ఆగాడు. "లోపల మాట్లాడుకున్నవి నాకు సరిగ్గా వినబడలేదండీ. బయట వాన."

అత్తయ్యా నేనూ మామయ్య వైపు చూశాం. నెలాఖరు దగ్గరికొచ్చింది. రాయకపోతే నిశ్చింత ప్లస్సు, అప్పటికప్పుడు. రాస్తే ఇస్తారో ఇవ్వరో తెలీదు, ఇచ్చినా గుండెకి రెండేళ్ళు ఆగాలి.

మామయ్య కుర్చీలో కూర్చుని మేజోళ్ళు తొడుక్కుంటున్నారు. ఒకటి తొడుక్కుని, రెండోది చేతిలో పట్టుకుని ఆగారు.

"నీకు వినబడలేదు. సరే," అన్నారు. "మా ఆవిడకి రెండేళ్ళుగా వినబడుతోంది. ఆ కాగితం ఇలా ఇయ్యి."

"నేను రాస్తాను మామయ్యా," అన్నాను.

"నువ్వు రాస్తే అందంగా రాస్తావు. నేను రాస్తాను. ఆయాసం, వాపు... ఇంకేమే నా జబ్బులు?"

అత్తయ్య పక్కన కూర్చుంది. "కళ్ళు తిరగడం," అంది. "రెండు దిండ్లు."

"దిండ్లు కూడానా?"

"దిండ్లు కూడా."

ఆయన రాశారు. మిషన్ల మీద లోపాలు రాసినట్టు, పెద్ద పెద్ద అక్షరాలతో. నా భూతద్దం అక్కర్లేకుండా వీధి అవతలివాళ్ళు కూడా చదవచ్చు.

ఇంటికొచ్చాక మామయ్య కింద మెట్ల ముందు కాసేపు నిలబడ్డారు. అత్తయ్య లిఫ్టు బటన్ నొక్కింది. ఆయన లోపలికెక్కి, నలుమూలలా అనుమానంగా చూసి, అత్తయ్య భుజం పట్టుకున్నారు. రెండో అంతస్తు దాటుతుండగా అలవాటు కొద్దీ చెవి ఒగ్గారు.

"ఏమంటోంది తాడు?" అన్నాను.

"ఏమీ అనట్లేదు. ఎప్పుడూ ఏమీ అనలేదు," అన్నారు.

*

నెలాఖరులోగా పాలసీ వచ్చింది. ప్లస్సు ఇవ్వలేదు, ఉత్త నిశ్చింత ఇచ్చారు, కాస్త ఎక్కువ కట్టించుకుని. అత్తయ్య ఆరోగ్యం చూసి ఆవిడకి మాత్రం ప్లస్సిస్తామన్నారు. ఆవిడ చాలా చిన్నబోయింది. రెండేళ్ళు కష్టపడి కూడబెట్టిన జబ్బులు ఒక్కటీ మిగల్లేదు కదా.

"గుండె విషయం ఏదున్నా రెండేళ్ళు ఆగాలండీ," అని అనుకోనిదాయన మరీ మరీ చెప్పాడు.

"ఆగుతారు," అంది అత్తయ్య. "ఎందుకాగరు? నేను చూస్తానుగా."

మర్నాడు పొద్దున టీ పెట్టి, కప్పు అత్తయ్యకిచ్చాను. ఆవిడ సాసర్లో కప్పు పక్కన మాత్ర పెట్టింది, నలపకుండా, గుండ్రంగా. బాల్కనీలోకి తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టింది. వాన వెలిసి ఎండ పడుతోంది.

మామయ్య మాత్రని చాలాసేపు చూశారు. ఎక్కడ బిగించాలో తెలియని మరని చూసినట్టు. కళ్ళు గట్టిగా మూసుకుని మింగారు. తర్వాత టీ ఒక గుక్క తాగారు. ఆగారు. ఇంకో గుక్క తాగి లోపలికి తొంగి చూశారు.

"బావుందే! ఇవాళ టీ ఎవరు పెట్టారు?"

"రోజూ పెట్టేదే పెట్టింది," అంది అత్తయ్య. "మీ కోడలు."

ఆయన నా వైపు చూశారు. కప్పు వైపు చూశారు. రెండేళ్ళ పొద్దులు ఆయన మొహంలో ఒక్కొక్కటే వెనక్కి తిరిగాయి.

"అయితే అమ్మాయ్," అన్నారు, "నువ్వు మొదట్నుంచీ బానే పెడుతున్నావన్నమాట."